త్రీఫేజ్‌కు అశ్రునివాళి

బాన్సువాడలో సూపర్‌హీరో సినిమాల నిర్మాతను నేనొక్కణ్ణే. ఈ మాట కాస్త గొప్పగా అన్నప్పుడల్లా మా ఇంటామె, "ఇంకొగలు గూడ ఉంటె ఊరు ఆగమైతుండె" అంటుంది. నిర్మాతనే కాదు, స్టూడియో అధినేతను కూడా. స్టూడియో అంటే పాత బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పక్కన ఒక షటరు గది. ముందు భాగంలో ఒక స్టూలు, దాని వెనక నీలం గుడ్డ, పక్కన దువ్వెన వేలాడదీసిన అద్దం. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు యూరియా వాసనకు మొహం చిట్లిస్తారు. అందుకే మా ఊళ్లో సగం మంది దరఖాస్తు ఫోటోల్లో కోపంగా కనబడతారు.

వెనక భాగంలో కంప్యూటరు, ఒక కుర్చీ. ఈ రోజుల్లో ఒక్క సూపర్‌హీరో చాలడట, వాళ్లందరికీ కలిపి ఒక లోకం ఉండాలట. నా లోకం మొత్తానికి ఆ కుర్చీ ఒక్కటే. నేను లేస్తే ఎవరైనా కూర్చోవచ్చు.

అసలీ ఆలోచన పెళ్లి వీడియోల నుంచి వచ్చింది. ఇన్నేళ్లుగా నేను ఎంతమంది పెళ్లికొడుకులను మబ్బుల్లో ఎగరేశానో! పెళ్లికూతురి మొహాన్ని గులాబీ పువ్వులో పెట్టాను, చందమామలో పెట్టాను, ఒకసారి వాళ్ల నాన్న అడిగితే ట్రాక్టరు హెడ్‌లైటులో కూడా పెట్టాను. ఇంత అనుభవం ఉన్నవాడు ఒక హీరోను ఎగరేయలేడా? నన్ను నేనే అడిగి, నాకు నేనే సరే అనుకున్నాను. సినిమా తీయాలనుకునేవాడికి ఇంతకంటే ప్రమాదకరమైన సంభాషణ ఉండదు.

హీరో కోసం ఎక్కువ దూరం వెతకలేదు. మా బావమరిది ఉన్నాడు. బాన్సువాడ పక్క పల్లెలో మా అత్తగారిల్లు. వాళ్లకు వరి పొలాలున్నాయి, వాడు కోత మిషన్ నడుపుతాడు. నిలువెత్తు మనిషి, విశాలమైన భుజాలు, నవ్వితే ఇల్లంతా వెలుగు. కానీ పెళ్లి కావడం లేదు. సంబంధం వచ్చినప్పుడల్లా "పిల్లగాడు ఏం చేస్తడు?" అంటారు. "ఎవుసం, కోత మిషన్" అంటాం. "మల్ల చెప్తం" అని లేచిపోతారు. ఆ 'మల్ల' ఎప్పుడూ రాలేదు. మా అత్త నలుగురిలో నవ్వుతూనే ఉండేది కానీ, ఊళ్లో ఎవరి పెళ్లి పత్రిక వచ్చినా చదవకుండా గూట్లో పెట్టేసేది. వాడి తోటివాళ్లు పిల్లలను బడికి దింపుతుంటే వాడు ఇంకా పెళ్లిచూపులకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

సినిమా సంగతి చెప్పగానే వాడు ఒకటే అడిగాడు. "బావా, సిన్మాల కనవడితె పిల్ల దొరుకుతదా?"

"లైన్ కడ్తరు" అన్నాను. నిర్మాతలు అబద్ధాలు చెప్తారంటారు. నేను అప్పుడే ఆ పనిలో చేరాను.

మా హీరో పేరు త్రీఫేజ్. పొలంలో మోటారు స్టార్టరు ముట్టుకుంటే షాక్ కొట్టి శక్తులు వస్తాయి. కరెంటు ఉన్నంతసేపు అతన్ని ఆపేవాడు లేడు, కరెంటు పోతే మనలాంటివాడే. ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే ముఠా నాయకుడు విలన్. ఈ కథ మా దగ్గర రైతుకు చెప్తే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, ఎందుకంటే అందరి ట్రాన్స్‌ఫార్మరూ ఎప్పుడో ఒకప్పుడు పోయిందే. విలన్‌గా తండా నుంచి ఒక మిత్రుణ్ణి పెట్టాను. ఆటో నడుపుతాడు, గొంతు మైకు అక్కర్లేని గొంతు. కోపం సీనులో డైలాగు మరిచిపోయి వాళ్ల లంబాడీ భాషలో గర్జించాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒళ్లు మాత్రం జలదరించింది, అలాగే ఉంచేశాను. తర్వాత తండాలో వేసినప్పుడు ఆ సీనుకు అందరూ పడీపడీ నవ్వారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య చెప్పిన సరుకులన్నీ వరసగా అప్పజెప్పాడట, ఉల్లిగడ్డలతో సహా.

దుస్తులు మా వీధి లేడీస్ టైలరు కుట్టింది. భుజాల మీద ఎగిరే గుడ్డ కావాలంటే, ఒక లీడరు ఇంట్లో బీరువా నిండా ఉన్న సన్మానం శాలువాల్లోంచి ఒకటి అడిగి తెచ్చాను. మొహానికి కళ్ల దగ్గర కత్తిరించిన మంకీ క్యాప్. ఎండాకాలం షూటింగు. షాట్ అయిపోగానే వాడు టోపీ పిండుకునేవాడు.

ఎగిరే షాటుకు వాణ్ణి జేసీబీ తొండానికి తాడుతో వేలాడదీసి, వెనక పెళ్లిళ్లకు వాడే పచ్చ పరదా కట్టించాను. కంప్యూటరుతో పచ్చరంగు తీసేస్తే మిగిలిన చోట ఆకాశం పెట్టుకోవచ్చు. ఇది నాకు నిద్రలో కూడా వచ్చు. ఒక్కటే మరిచిపోయాను. చుట్టూ ఉన్నది వరి చేను. పచ్చరంగు తీసేయగానే పరదాతో పాటు చేనంతా మాయమైంది. మా హీరో, విలన్, పక్కన మేస్తున్న బర్రె, ముగ్గురూ మబ్బుల్లో నిలబడి ఉన్నారు. చూసినవాళ్లు బర్రె కూడా శక్తులున్నదే అనుకున్నారు. నేను కాదనలేదు.

పెళ్లి వీడియో అలవాటు ఒంట్లోంచి పోదు. హీరో, విలన్ తలపడి కొట్టుకుంటుంటే నేను కెమెరా వెనక నుంచి "ఇటు చూడుండ్రి, జర నవ్వుండ్రి" అని అరిచాను. వాళ్లు కొట్టుకోవడం ఆపి, భుజాల మీద చేతులేసుకుని నవ్వారు. వెనక నిలబడ్డ ఊరివాళ్లు చేతులు కట్టుకుని వరసగా కెమెరావైపు చూస్తూ ఉండిపోయారు. అదీ సినిమాలో ఉంది.

మొదటి భాగం యూట్యూబులో పెట్టాక మా బావమరిది స్టూడియోకు వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "ఏది బావా నా మొఖం?" అన్నాడు. నిజమే, సినిమా అంతా మంకీ క్యాపే. తర్వాత వచ్చిన సంబంధం వాళ్లకు మా అత్త ఎంతో ఆశగా ఫోనులో సినిమా చూపించింది. పిల్ల తండ్రి చాలాసేపు చూసి, "గీ కోతి టోపీ ఆయననేనా?" అన్నాడు. వాళ్లు కూడా మల్ల చెప్తామనే పోయారు.

తర్వాత సంబంధం కుదిరింది, నా సినిమా సాయం లేకుండానే. బిచ్కుందలో మెడికల్ షాపులో పని చేసే అమ్మాయి. పెళ్లిచూపుల్లో తనే అడిగిందట, ఏం చేస్తరు అని. వీడు "వరి కోస్త" అన్నాడట, అంతే. "మా నాయిన గూడ గదే చేస్తడు" అందట. మా అత్త ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటూ పాయసం చేసింది. నిశ్చితార్థం అయింది. యాసంగి కోతలు అయిపోగానే పెళ్లి అనుకున్నారు.

నేను సంతోషించాను కానీ నిర్మాత సంతోషం వేరు. పెళ్లైతే హీరో చేతికి చిక్కడు. కాబట్టి రెండో భాగం పెళ్లికి ముందే కానిచ్చేయాలి. అందులో త్రీఫేజ్ చనిపోతాడు. లోకం ఏడుస్తుంది. మూడో భాగంలో తిరిగి వస్తాడు. ఈ కథ చెప్తే మా బావమరిది చావుకు అడ్డు చెప్పలేదు. ఒకటే కోరాడు. "సచ్చినప్పుడన్న నా మొఖం సూపెట్టు బావా."

అక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మా వైపు జనం పేపరు చదువుతారో లేదో కానీ ఫ్లెక్సీ చదువుతారు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ఉద్యోగమొస్తే ఫ్లెక్సీ, పిల్లకు చీరె కట్టిస్తే ఫ్లెక్సీ, మనిషి పోతే ఫ్లెక్సీ. కూడలిలో అశ్రునివాళి ఫ్లెక్సీ కనబడితే బండి ఆపి మరీ ఎవరని చూస్తారు. అయితే త్రీఫేజ్‌కే అశ్రునివాళి ఫ్లెక్సీ పెడితే? కింద 'త్వరలో మీ ముందుకు' అని వేస్తే? ఈ ఆలోచన వచ్చినప్పుడు నేను లేచి అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ముచ్చటేసింది.

చావు సీను షూటింగు కాగానే ఫ్లెక్సీ షాపాయనకు ఫోనులో అంతా చెప్పి, నిశ్చితార్థం నాడు తీసిన తెల్లచొక్కా ఫోటో పంపాను. నేను రుద్రూర్‌లో ఒక పెళ్లి తీస్తుండగా నమూనా వాట్సాప్‌లో వచ్చింది. ఎండలో, భుజం మీద కెమెరాతో, తెర మీద బొటనవేలంత బొమ్మ. తామరపువ్వు ఉంది, దీపం ఉంది, పావురాలున్నాయి, మొహం ఉంది. సరే అని బొటనవేలి గుర్తు పంపాను. బాన్సువాడలో, వాళ్ల ఊరి మూలమలుపులో, జుక్కల్ చౌరస్తాలో, ముఖ్యంగా బిచ్కుందలో కట్టమన్నాను. అత్తగారింటివాళ్లు అల్లుడి మొహం చూసి మురిసిపోవద్దా!

షాపాయన తప్పేం లేదు. నిశ్చితార్థం ఫ్లెక్సీ వేసింది ఆయనే కాబట్టి వాడి అసలు పేరు తెలుసు. దాన్ని పెద్దక్షరాల్లో వేశాడు. త్రీఫేజ్ అన్నది ముద్దుపేరు అనుకుని పక్కన చిన్నగా వేశాడు. అలవాటు ప్రకారం 'శోకతప్తులైన కుటుంబ సభ్యులు' అని కూడా చేర్చి, అక్కడ నల్లకళ్లద్దాలు పెట్టుకున్న నా ఫోటో వేశాడు. అట్టడుగున 'త్వరలో మీ ముందుకు' ఉండనే ఉంది. కానీ తెల్లారేసరికి అన్నిచోట్లా ఆ భాగం మీద ఎవరో ఒక లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టారు.

ఆ పొద్దున మా బావమరిది పొలంలో మిషన్ మీద ఉన్నాడు. ఫోను గట్టు మీద సంచిలో మోగి మోగి ఊరుకుంది. నేను స్టూడియోలో షటరు సగం దించి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, కంప్యూటరులో వాణ్ణే చంపుతున్నాను. నాకు నచ్చేట్టు పడటం లేదు. వెనక్కి తిప్పి మళ్లీ చంపుతున్నాను.

మా అత్త ఇంటి ముందు వాకిలి ఊడుస్తోంది. వీధిలోని ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి ఆమెను పట్టుకుని ఏడ్చారు. మా దగ్గర ఏడుపు ముందు, విచారణ తర్వాత. మా అత్త చీపురు పడేసి వాళ్లతో పాటు ఏడవడం మొదలుపెట్టింది. కాసేపటికి "ఎవలు పోయిండ్రే?" అని అడిగింది. అప్పుడు ఎవరో ఫోను తీసి ఆ ఫ్లెక్సీ ఫోటో చూపించారు. పొద్దున కొడుకు మిషన్ మీదికి పోవడం ఆమె చూసింది. కోత మిషన్ అంటే ఎప్పుడేం జరుగుతుందో అని ఆమెకు ఏళ్లుగా భయం. మా అత్త అక్కడే, ఊడ్చిన వాకిట్లోనే కూలబడిపోయింది. ఈ ఒక్కచోట నాకు జోకు వేయబుద్ధి కాదు.

ఎవరో పొలానికి పరుగెత్తారు. వాడు మోకాళ్ల దాకా బురదతో పరుగెత్తుకొచ్చి "అమ్మా" అన్నాడు. ఆమె వాణ్ణి రెండు చేతులా కొట్టింది, కొట్టి కొట్టి కావలించుకుంది.

మా ఇంటామె వచ్చి స్టూడియో షటరు ఎత్తిన చప్పుడు హెడ్‌ఫోనులోంచి కూడా వినబడింది. "నీ సిన్మా మన్నువడ, మా తమ్మున్ని సంపి ఈడ కూసున్నవా?" అంది. ఆమె ఫోను చూపిస్తే చూశాను. బంధువులందరి స్టేటస్‌లలో వాడే. 'మిస్ యూ బావా', 'ఎంత పని జేస్తివి తమ్మి', దీపాలు, కన్నీళ్లు. నా ఫోటో కూడా అందరి ఫోన్లలో, శోకతప్తుడిగా.

మేము వెళ్లేసరికి ఇంటి ముందు జాతరలా ఉంది. తండా నుంచి ట్రాక్టరు నిండా వచ్చారు. మా విలన్ చేతిలో పూలదండ పట్టుకుని అరుగు మీద వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎదురుగా మా బావమరిది నిలబడి ఉన్నా ఏడుపు ఆగడం లేదు.

"అన్నా, మొన్న షూటింగ్‌ల నేనే గదా నూకింది" అన్నాడు నాతో. "లోపట దెబ్బ తగిలి పోయిండనుకున్న. పొద్దటి సంది నాకు పానం పానంల లేదు."

వాణ్ణి ఓదార్చడానికి మా బావమరిదే కూర్చుని వీపు నిమిరాడు. ఆ తర్వాత మా అత్త కొడుకును వాకిలి మధ్యలో నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుండగా ఒక స్కూటీ వచ్చి ఆగింది. హెల్మెట్ తీసింది, బిచ్కుంద అమ్మాయి. మొహమంతా తడిసి ఉంది. పెళ్లి కాకముందు అత్తగారింటికి ఇలా రారు. ఎవరినీ అడగకుండా, మెడికల్ షాపు నుంచి నేరుగా వచ్చేసింది. మిరపకాయల మధ్య నిలబడ్డ వాణ్ణి చూసింది.

"ఉన్నరా?" అంది. అంతే, గడప మీద కూలబడి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బావురుమంది. వాడు ఏం చేయాలో తెలియక చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగింది. కళ్లు తుడుచుకుంది.

"ఎవలు వెట్టిండ్రు గా ఫ్లెక్సీ?"

వాకిట్లో ఉన్న వేళ్లన్నీ నావైపు తిరిగాయి. తండా వాళ్లవి కూడా. నిర్మాతగా ఇంతమంది నన్ను ఒకేసారి గుర్తుపట్టడం అదే మొదలు.

ఆ వెనకే కారులో ఆమె తండ్రి, చిన్నాన్న వచ్చారు. అల్లుడు బతికున్నాడని చూసి తండ్రి ముందు చేతులెత్తి దండం పెట్టుకున్నాడు. ఊపిరి తిరిగి వచ్చాక కోపం వచ్చింది. "పెండ్లి కావల్సిన పిల్లగాని ఫోటకు దీపం వెడ్తరా? గింత అపశకునమైనంక నా బిడ్డను ఎట్లియ్యాలె? ఈ సంబంధం వద్దు మాకు" అన్నాడు.

ఇన్నేళ్లు ఎదురు చూసినది చేతికొచ్చి జారిపోతోందని ఆ వాకిట్లో అందరికీ తెలుసు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. నేను ముందుకు వెళ్లి, "అన్నా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి, మూడో భాగంల మల్ల బతుకుతడు" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా ఇంటామె నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

అప్పుడు ఆ అమ్మాయి లేచింది. "నాయినా, నేను దారి పొడుగునా ఈయన లేడనుకునే వచ్చిన" అంది. "లేకుంటె ఎట్లుంటదో నాకు ఇయ్యాల ఎర్కైంది. ఇగ ఉన్నడు గదా. ఉన్నోన్ని ఎందుకు ఇడ్సిపెట్టాలె?"

చిన్నాన్న ఏదో అనబోతే ఆమె తండ్రి చేత్తో ఆపాడు. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. మా అత్త వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. విలన్ మళ్లీ ఏడవడం మొదలుపెట్టాడు.

అంతా సద్దుమణిగి, టీలు వచ్చాక, ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "అన్నా, ఒక్కటే మాట. మా పెండ్లికి ఫోటోలు, వీడియో మీరు తియ్యద్దు."

వాకిలంతా నవ్వింది. ట్రాక్టరు మీదున్నవాళ్లకు ఎవరో లంబాడీలో చెప్తే వాళ్లు కూడా నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

రెండో భాగం కంప్యూటరులోనే ఉంది. దాన్ని బయటికి తీస్తే ఇంట్లో అన్నం పెట్టనని మా ఇంటామె చెప్పింది, అత్త కూడా వంత పాడింది. నా సూపర్‌హీరో లోకం అలా ముగిసింది.

పెళ్లికి బోధన్ నుంచి వేరే స్టూడియో వాళ్లొచ్చారు. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. చేతుల్లో కెమెరా లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కాసేపు జేబుల్లో, కాసేపు మోకాళ్ల మీద. వాళ్ల లైటు తప్పుగా ఉందని లేచి చెప్పబోతే కెమెరా అతను "పెద్దాయనా, జర కూసో, అడ్డమొస్తున్నవ్" అన్నాడు. కూర్చున్నాను. ఇన్ని పెళ్లిళ్లు తీశాను కానీ, తలంబ్రాలు పోసేటప్పుడు నేను చూసేది వెలుగు సరిపోయిందా, బ్యాటరీ ఉందా అన్నదే. నా పెళ్లిలో కూడా ఫోటోగ్రాఫరుకు సలహాలిస్తూ మా ఇంటామె మొహం సరిగ్గా చూడలేదు, ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

ఇప్పుడు చూడటం తప్ప పని లేదు. ఆ పిల్ల దోసిలి నిండా బియ్యం తీసుకుని వాడి తల మీద పోసింది. వాడు కళ్లు మూసుకుని, బియ్యం చెంపల మీదుగా జారుతుంటే నవ్వాడు. మళ్లీ కళ్లు తెరిచి ఆమెను చూశాడు. కళ్ల నీళ్లు ఆగలేదు, సిగ్గుపడి తల వంచుకున్నాను.

"ఏమైంది?" అంది పక్క నుంచి మా ఇంటామె.

"ఎంత మంచిగున్నడు మీ తమ్ముడు" అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఎన్ని రోజులు వాణ్ణి కెమెరా ముందు నిలబెట్టానో ఆమెకు తెలుసు. "ఇయ్యాల సూసినవా?" అంది, తిట్టినట్టు కాదు, నిజంగా అడిగినట్టు.

"ఇయ్యాలనే సూసిన" అన్నాను.